రోజుకు ఒక్క డిగ్రీ

పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం పాడైందంటే నిర్లక్ష్యమే కారణమని అనుకుంటాం. అతిశ్రద్ధకు బలైపోయే పగడాలు కూడా ఉంటాయి. నీళ్లు పరీక్ష చేస్తారు, అంకె నచ్చదు, ఆ రాత్రే దాన్ని సరిచేసే మందు సీసా వంపేస్తారు. తెల్లారేసరికి అంకె సరిపోతుంది. పగడం కొసలు మాత్రం పాలిపోయి కనిపిస్తాయి. దిద్దుకోవాలన్న పట్టుదల మంచి గుణమే, కానీ ప్రతి దిద్దుబాటుకూ ఒక వేగం ఉంటుంది. మార్పును భరించాల్సిన ప్రాణిని బట్టి ఆ వేగం ఉండాలి. మన ఆత్రాన్ని బట్టి ఉంటే కీడు జరుగుతుంది.

ముందుగా ఒక మాట. మన దేశంలో ఇంట్లో పగడాలు పెంచే ఆలోచన పెట్టుకోకండి. దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది, ఉండాలి కూడా. నేను మాట్లాడుతున్నది అమెరికాలో ఉంటూ, అక్కడ చట్టప్రకారం పెంచి అమ్మే పగడపు ముక్కలు తెచ్చుకుని, హాల్లో 200 లీటర్ల ట్యాంకు పెట్టుకున్న మన కుటుంబాల గురించి. భీమవరం, నెల్లూరు వైపు రొయ్యల చెరువులు చేసేవాళ్లకైతే ఇందులో సగం మాటలు రోజూ వినేవే.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. కాల్షియం 420 మిల్లీగ్రాముల దాకా, మెగ్నీషియం 1300 దాకా ఉంటాయి. ఆల్కలినిటీని, అంటే ప్రధానంగా నీటిలోని బైకార్బొనేట్ల నిల్వను, అక్వేరియం వాళ్లు డీకేహెచ్ అనే డిగ్రీల్లో లెక్కిస్తారు. సముద్రంలో అది 7 డిగ్రీల దగ్గర ఉంటుంది, ట్యాంకుల్లో 8, 9 దగ్గర పెట్టుకుంటారు. పగడం తన గూడును కాల్షియం కార్బొనేటుతో కట్టుకుంటుంది కాబట్టి కాల్షియాన్ని, ఆల్కలినిటీని రోజూ నీటిలోంచి తీసుకుంటూనే ఉంటుంది. ఆ లెక్క ఎప్పుడూ ఒకటే: ఆల్కలినిటీ 2.8 డిగ్రీలు తగ్గేసరికి కాల్షియం లీటరుకు 20 మిల్లీగ్రాములు తగ్గుతుంది.

ఇక్కడ కాసేపు ఆగండి. 420లో 20 పోతే 400 మిగులుతుంది, పగడానికి తేడా తెలియదు. 8లో 2.8 పోతే మిగిలేది 5.2. ఆ స్థితిలో గూడు కట్టడమే కష్టం. రెండూ ఒకే పనికి ఖర్చవుతున్నాయి, కానీ ఒకదాని నిల్వ పెద్దది, రెండోదాని నిల్వ చిన్నది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఆల్కలినిటీని వారానికి రెండు మూడు సార్లు, కాల్షియాన్ని వారానికోసారి, మెగ్నీషియాన్ని నెలకోసారి చూస్తారు. అన్నిటినీ రోజూ ఒకే కంగారుతో చూసేవాళ్లు రెండు నెలల్లో విసిగిపోయి అన్నీ మానేస్తారు. మీ జీవితంలో నిల్వ తక్కువగా ఉండి త్వరగా తరిగిపోయేది ఏదో గుర్తుపట్టండి. నిద్ర కావచ్చు, చేతిలో డబ్బు కావచ్చు, భార్యాభర్తల మధ్య మాట కావచ్చు. దాన్ని తరచుగా చూసుకోండి. మిగతావాటికి నెలకోసారి చాలు.

ఎంత వెయ్యాలో ఊహించకండి. ఏమీ కలపకుండా ఒక ఉదయం ఆల్కలినిటీ చూడండి. రెండు రోజుల తర్వాత అదే వేళకు మళ్లీ చూడండి. 8.5 కాస్తా 7.9 అయితే మీ పగడాలు రోజుకు 0.3 డిగ్రీ వాడుకుంటున్నాయన్నమాట. 200 లీటర్లలో ఒక్క డిగ్రీ పెంచడానికి 6 గ్రాముల వంటసోడా సరిపోతుంది. అంటే మీ ట్యాంకుకు రోజుకు కావలసింది రెండు గ్రాముల లోపే. ఇంట్లో కలుపుకునే ఇలాంటి ద్రావణాల పద్ధతిని 2006లో వివరంగా ప్రచురించిన అమెరికన్ రసాయన శాస్త్రవేత్త రాండీ హోమ్స్-ఫార్లీ. డయాలసిస్ రోగుల రక్తంలో ఫాస్ఫేటును తగ్గించే సెవెలమర్ మందుకు మూలమైన పాలిమర్ల పేటెంటులో ఆయన పేరుంది. అంతటి విద్వత్తు ఉన్న మనిషి అభిరుచిగా అక్వేరియం పెంచేవాళ్లకు వంటసోడా, కాల్షియం క్లోరైడు చాలని చెప్పారు. సీసా మీద రాసిన గొప్ప పేరు చదివి ఊరుకోకుండా లోపల ఏముందో అడిగే అలవాటు చేసుకుంటే డబ్బు మిగులుతుంది, భయమూ పోతుంది. ఒక్క జాగ్రత్త: ఆ రెండిటినీ ఒకేసారి ఒకేచోట పొయ్యకండి. నీటిలోనే గడ్డకట్టి తెల్లటి పొడిలా రాలిపోతాయి, పగడానికి ఏదీ అందదు.

ఇక వేగం సంగతి. ఆల్కలినిటీ 6కు పడిపోయిందనుకోండి. దాన్ని 8.5కు తేవడానికి 15 గ్రాముల సోడా చాలు, పని ఒక్క నిమిషంలో అయిపోతుంది. అయినా ఆ పని చెయ్యకూడదు. రోజుకు ఒక్క డిగ్రీ మించకుండా, మూడు రోజులు తీసుకోండి. వారాల తరబడి మెల్లగా దిగిన అంకెకు పగడం ఎలాగో సర్దుకుని ఉంటుంది, ఒక్క రాత్రిలో వచ్చే పెరుగుదలకు సర్దుకోలేదు. 7.5 దగ్గర నిలకడగా ఉన్న ట్యాంకు, రోజూ 7కూ 10కీ మధ్య ఊగే ట్యాంకు కన్నా ఎంతో ఆరోగ్యంగా ఉంటుంది. సోమవారం నుంచి తెల్లవారుజామున నాలుగింటికి లేస్తాను, చక్కెర మానేస్తాను, పది కిలోమీటర్లు పరుగెత్తుతాను అని ఒకేసారి తీర్మానించుకునే మిత్రులకు నేను ఇదే చెబుతాను. ఈ వారం అరగంట ముందు లేవండి, అంతే. ఒకేసారి మూడు మార్చితే ఏది పనిచేసిందో, ఏది దెబ్బకొట్టిందో మీకే తెలియదు.

పీహెచ్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఈ విద్య మొత్తంలో నేను అన్నిటికన్నా విలువైనదిగా చూసే భాగం ఇదే. న్యూజెర్సీలో జనవరి నెల అనుకోండి. కిటికీలన్నీ బిగించి హీటర్ వేసుకున్న ఇల్లు. ఇంట్లో నలుగురు, సంక్రాంతికి వచ్చిన బంధువులు మరో నలుగురు, పొద్దుటి నుంచీ వెలుగుతున్న గ్యాస్ స్టవ్. గదిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, నీటిలో కరుగుతుంది, 8.2 ఉన్న పీహెచ్ 7.8కి దిగుతుంది. యజమాని కంగారుపడి పీహెచ్ పెంచే పొడి తెచ్చి వేస్తాడు. ఆ పొడి ప్రధానంగా పెంచేది ఆల్కలినిటీనే. గాలి మారలేదు కాబట్టి పీహెచ్ కాస్త లేచి మళ్లీ జారుతుంది. మళ్లీ పొడి, మళ్లీ జారడం. వారం తిరిగేసరికి ఆల్కలినిటీ 8 నుంచి 12కు చేరుతుంది. నైట్రేటు, ఫాస్ఫేటు బాగా తక్కువగా ఉన్న ట్యాంకైతే పగడం కొసల్లో కండ మాడిపోతుంది.

సీసా ముట్టుకోకముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. ఒక గ్లాసుడు ట్యాంకు నీళ్లు బయటికి తీసుకెళ్లి, చిన్న ఎయిర్ పంపుతో గంటసేపు బయటి గాలి బుడగలు పట్టించండి. పీహెచ్ పెరిగిందా? అయితే నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైంది. మరో గ్లాసుడు నీళ్లకు గది గాలితోనే ఇలాగే చేయండి. అప్పుడు పెరగకపోతే లోపం గదిలో ఉంది. ఒక కిటికీ కొద్దిగా తెరవండి, లేదా నురగ తీసే స్కిమ్మర్ గాలి గొట్టాన్ని బయటికి పెట్టండి. ఖర్చు లేదు, మందు లేదు. ఇంట్లోనూ ఇదే తప్పు చేస్తాం: పిల్లాడు లెక్కల్లో వెనకబడ్డాడని ట్యూషన్ పెట్టిస్తాం, మార్కులు కాస్త లేచి జారితే రెండో ట్యూషన్ పెట్టిస్తాం. వాడికి బోర్డు మీది అక్షరాలు కనబడుతున్నాయో లేదో ఒకసారి కళ్లు పరీక్ష చేయించామా? దయచేసి ఈ ప్రశ్న ముందు అడగండి.

అంకెను ఏ వేళకు తీశామన్నదీ ముఖ్యమే. పగలు వెలుతురులో పగడాల్లోని, నాచులోని కిరణజన్య సంయోగక్రియ కార్బన్ డయాక్సైడును వాడేసుకుంటుంది, సాయంత్రానికి పీహెచ్ పెరుగుతుంది. రాత్రంతా శ్వాసక్రియే, తెల్లవారేసరికి తగ్గుతుంది. రొయ్యల రైతు తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చెరువు చూసేది అందుకే. సాయంత్రపు అంకెను పక్కన పెట్టుకుని ఉదయపు అంకెను చూసి బెంగపడటంలో అర్థం లేదు. అలాగే, అలసిపోయి ఇంటికొచ్చిన రాత్రి పదింటికి మీ ఉద్యోగం గురించి, మీ సంసారం గురించి తీర్పులు ఇవ్వకండి. ఎప్పుడూ ఒకే వేళకు చూసుకోండి, తేదీ వేసి పుస్తకంలో రాసుకోండి. అనుమానం వస్తే రెండోసారి పరీక్ష చేయండి. గడువు దాటిన పరీక్ష రసాయనం తప్పు అంకెలు చూపించవచ్చు.

సున్నా మీద మోజు కూడా వదులుకోవాలి. నైట్రేటు, ఫాస్ఫేటు చెడ్డవని విని, రెండిటినీ సున్నాకు దించాలని చూస్తారు. రెండూ సున్నా అయిన ట్యాంకులో డైనోఫ్లాజెలేట్లు అనే సూక్ష్మజీవులు తలెత్తవచ్చు. గోధుమరంగు జిగురు, బుడగలు పట్టిన పోగుల్లా ఇసుక మీద, పగడాల మీద కమ్ముకుంటుంది. వదిలించుకోవడం చాలా కష్టం. లీటరుకు నైట్రేటు 2 నుంచి 10 మిల్లీగ్రాములు, ఫాస్ఫేటు 0.03 నుంచి 0.1 మధ్య ఉంటే నిశ్చింతగా ఉండండి. నైట్రేటు 40కి చేరితే మాత్రం నీళ్లు మార్చి చేతులు దులుపుకోకండి. పదో వంతు నీళ్లు మారిస్తే 40 కాస్తా 36 అవుతుంది, అంతకు మించి కాదు. చేపలకు వేసే మేత తగ్గకపోతే వారంలో మళ్లీ అదే అంకె.

ఇక సెలవులకు ఇండియా ప్రయాణం. ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. రోజుకు 4 లీటర్లు ఆవిరయ్యే 200 లీటర్ల ట్యాంకును వారం పట్టించుకోకపోతే మిగిలేది 172 లీటర్లు, ఉప్పు 35 నుంచి దాదాపు 41కి చేరుతుంది. తగ్గిన మేరకు రోజూ ఉప్పు లేని శుద్ధమైన ఆర్‌ఓ నీరే పొయ్యాలి. దానంతటదే పోసే ఆటో టాప్ ఆఫ్ పరికరం దొరుకుతుంది. ప్రయాణానికి నెల ముందే బిగించి, మీరు ఇంట్లో ఉండగానే దాని తీరు చూడండి. వెళ్లే వారంలో కొత్తగా ఏదీ మార్చకండి, కొత్త పగడం తేకండి. ట్యాంకు చూసే బాధ్యత పక్కింటి కుటుంబానికి అప్పగిస్తే వాళ్ల చేతికి మేత డబ్బా ఇవ్వకండి. ప్రేమకొద్దీ ఎక్కువ వేస్తారు, ఆ మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది. రోజుకొకటి చొప్పున గుళికల మేత చిన్న చిన్న పొట్లాలు కట్టి, ఒక్కోదాని మీద తేదీ రాసి ఇవ్వండి.