కథలలో పల్లెపలుకు

మన పత్రికకు వచ్చు కథలలో పాల్మాకుల వంటి గ్రామములు తరచుగా కనబడుచున్నవి. సంతోషమే. కాని వానిని దిద్దునపుడెల్ల ఒక్కచోట మా కలము ఆగుచున్నది. ఇంటి కొడుకు "నేను వెళ్లలేదు" అనును. జీతగాడు "నేను పోలే" అనును. ఇద్దరును ఒక్క యూర పుట్టి, ఒక్క బావినీరు త్రాగినవారే! చదువరిని నవ్వింపవలసినచోట మాత్రమే ఊరిమాట వచ్చుచున్నదన్నమాట. ఆ నవ్వు ఎవరిపై పడుచున్నదో వ్రాసిన బాలుడు తలపోయడు. ఇంట వాని అవ్వయు "పోలే" యనియే యనును.

రెండవ పొరపాటు దీనికి విపరీతము. "గిట్ల", "గట్ల", "గాడ" అనువానిని ప్రతివాక్యమునందును చల్లి, పల్లెభాష వచ్చినదనుకొందురు. "గాడికి వెళ్లాడు" అని ఒక కథలో చూచితిమి. ఏ యూరివారును అట్లనరు. మాండలికపు ప్రాణము క్రియలో నున్నది. "వచ్చాడు" అనుచోట "వచ్చిండు", "వస్తాడు" అనుచోట "వస్తడు", "వచ్చారు" అనుచోట "వచ్చిండ్రు" కుదిరినచో, ఆ "గ"కారములను సగము తీసివేసినను మాట ఊరిదే యగును.

"అత్తా, తిన్నవా?" అని కోడలడుగును. దానిని "తిన్నారా" యని దిద్దినవారు గౌరవము చేర్చితిమనుకొందురు, చేర్చినది దూరము. గౌరవము "అత్తా" అను పిలుపులోనే యున్నది.

ఉర్దూ మాటల సంగతి కొంత సూక్ష్మము. నిజాముల కాలమున ఉర్దూ రాజభాషగా నుండుటచే దరఖాస్తు, జమానతు, దవాఖాన మొదలగునవి ఊళ్లలో స్థిరపడినవి. పొలమున మాత్రము నాగలి, కల్లము, కైకిలి నిలిచినవి. కావున ఒకే రైతు కచేరీ ముంగిట ఒక తీరున, కల్లములో మరియొక తీరున పలుకును. వ్యవసాయపు మాటలకై భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశమును చూడదగును. అయినను అందలి మాట మీ యూర వినబడునా యని ముందు పెద్దల నడుగుడు.

గురజాడవారు 1897లో అచ్చయిన కన్యాశుల్కమును 1909లో మార్చి వెలువరించిరి. అందు గిరీశము డంబమంతయు వాని ఇంగ్లీషు ముక్కలలోనే తెలిసిపోవును. దాశరథి రంగాచార్యులుగారు చిల్లర దేవుళ్లు (1969) నవలలో పాత్రలచేత తెలంగాణపు మాట పలికించిరి. పాకాల యశోదారెడ్డిగారు ఇంకొక అడుగు వేసి, మా ఊరి ముచ్చట్లలో (1973) కథ చెప్పు గొంతునకే పాలమూరి పలుకునిచ్చిరి. పాల్మాకుల ఆ పాలమూరికి పోవు బాటమీదిదే.

2008లో శంషాబాదున విమానాశ్రయము తెరచినపిమ్మట ఈ ప్రాంతపు చెవికి పలుభాషలు సోకినవి. అచట పనిచేయు యువకుడు ఫోనులో అధికారితో "వస్తున్నానండి" యని, వెంటనే తల్లివైపు తిరిగి "అమ్మా, పోయొస్త" అనును. ఆ రెండు మాటల నడుమ వాని ముఖమెట్లు మారునో వ్రాసిన కథ మాకింకను రాలేదు.

వచ్చు సంచికకై మీ అవ్వ చెప్పిన సంగతి నొకదానిని ఆమె పలికినట్లే ఒక పుట వ్రాసి, ఆమెకే చదివి వినిపింపుడు. "నేనిట్లంటనా?" యని ఆమె అడిగినచోట గీత గీసికొని, మరల వ్రాసి పంపుడు.