బావి మట్టము తెలిసిన పిమ్మటనే పైరు

పులివెందుల ప్రాంతపు చీనీ తోటలు చూడబోయినపుడు రైతు సోదరులు మమ్ము మొదట అడుగునది తెగుళ్లను గూర్చి కాదు. “అయ్యా, ఇంకొక బోరు వేయమంటారా?” అని అడుగుదురు. ఏండ్ల తరబడి పెంచిన చెట్లు కన్నుల యెదుట ఎండుచుండగా ఈ ప్రశ్న సహజమే. కాని అప్పు చేసి బోరు దింపుటకు ముందు వేయవలసిన లెక్క ఒకటి కలదు. ఈ ఏడు మన ఊరి నేలలోనికి ఇంకిన నీరెంత? మనము తోడబోవునది ఎంత?

ఈ లెక్కను రైతులచేతనే వేయించిన పథకమొకటి 2003లో ఆరంభమైనది. దానిని నాటి కర్నూలు జిల్లాకు చెందిన బర్డ్స్ అను స్వచ్ఛంద సంస్థ, ఇతర స్వచ్ఛంద సంస్థలతో కలిసి నడిపెను. నెదర్లాండ్స్ ప్రభుత్వము ధనమును, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ సాంకేతిక సలహాను ఇచ్చినవి. భూగర్భజల శాస్త్రజ్ఞుడు డాక్టర్ కె.ఎ.ఎస్. మణి పథక నాయకుడు. కడపతో సహా ఏడు కరవు జిల్లాలలో 600కు పైగా గ్రామములలో ఇది సాగినది.

శాస్త్రజ్ఞుని చేతి పరికరమును రైతు చేతికి ఇచ్చుటయే ఇందలి విశేషము. గ్రామస్థులే ప్రతిదినము వర్షమాపకమును చూచి వ్రాసిరి. పదునైదు దినములకొకసారి పరిశీలన బావుల మట్టము కొలిచిరి. రబీకి ముందు అందరు కూడి నీటి బడ్జెట్ వేసికొనిరి. ఎవరి మోటారును ఎవరును ఆపలేదు. లెక్క చూచి ఎవరి పైరును వారే నిర్ణయించుకొనిరి.

ఆ లెక్క కష్టమైనది కాదు. ఎకరముపై ఒక మిల్లీమీటరు వర్షము సుమారు 4,000 లీటర్లు. మన జిల్లా వర్షపాతము ఏడాదికి ఇంచుమించు 700 మిల్లీమీటర్లు. రాతి నేలలలో అందు పదవ వంతు, అనగా 70 మిల్లీమీటర్లు, లోనికి ఇంకుననుకొందము. ఎకరమునకు చేరునది 2 లక్షల 80 వేల లీటర్లు.

ఇక ఖర్చు చూడుడు. మీ బోరు 200 లీటర్ల డ్రమ్మును 50 సెకనులలో నింపినచో సెకనుకు 4 లీటర్లు. దినమునకు 7 గంటలు ఆడిన లక్ష లీటర్లు. ఎకరమున ఏడాది పొడుగున ఇంకిన నీరు మూడు దినములలోనే అయిపోవును.

బోరు క్రింద వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు పెట్టినచో ఎకరమునకు 48 లక్షల లీటర్లు, అనగా 17 ఎకరములలో ఇంకిన నీరు. వేరుశనగకు 500 మిల్లీమీటర్లు చాలును. అది 7 ఎకరముల నీరు. మిగిలిన ఎకరములు ఎవరివి? ప్రక్క రైతువి. అందుచేతనే ఒక్కరి లెక్క చాలదు. ఊరి లెక్క కావలెను.

ఒక హెచ్చరిక. పథకపు ఫలితములు అన్ని చోట్ల ఒకే విధముగా నిలువలేదని 2012లో వెలువడిన ఒక పరిశీలన తెలిపినది. కొలత మానిన ఊరిలో పరికరమున్నను ఫలము లేదు.

కావున ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల రైతులు ఈ క్రింది పనులు చేయవలెను.

1. ఊరికి ఒక వర్షమాపకము ఏర్పరచి, దానిని చూచు బాధ్యత ఒకరికి అప్పగించవలెను.

2. పదునైదు దినములకొకసారి, మోటారు ఆపి కొన్ని గంటలైన పిమ్మట, అదే బావిలో, అదే గుర్తు నుండి మట్టము కొలిచి పుస్తకమున వ్రాయవలెను.

3. రబీ విత్తుటకు ముందు గ్రామాధికారులు సభ జరిపి, లెక్కను గోడపై వ్రాయించవలెను. చీనీ చెట్లకు వేసవి నీరు ముందుగా తీసియుంచి, మిగిలిన దానికే పప్పుశనగ, వేరుశనగ వంటి పైర్లు ఎంచుకొనవలెను.

నోటు పుస్తకము, కొలత త్రాడు, డ్రమ్ము: ఈ మూడింటి ఖర్చు క్రొత్త బోరు ఖర్చు ముందు మిక్కిలి స్వల్పము. ముందు కొలువుడు, పిదప విత్తుడు.