అమరపు గది

హైదరాబాదుకు సముద్రం లేదు. బంజారా హిల్స్ కొండరాళ్ళ నడుమ పెరిగినవారికి నౌకావిహారం చిరకాల స్వప్నం. 2022 జూన్‌లో ‘ఎంప్రెస్’ అనే విహారనౌక విశాఖపట్నానికి వచ్చింది. 2023 సెప్టెంబరులో అక్కడి ఓడరేవులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. దానితో ఆ స్వప్నం తెలుగువారికి చేరువైంది.

ఓడ ముందుభాగాన్ని అణియమనీ, వెనుకభాగాన్ని అమరమనీ మన పెద్దలు వ్యవహరించారు. తెరచాపల కాలంలో పెద్ద ఓడలలో నౌకాధిపతి నివాసం సాధారణంగా అమరంలోనే ఉండేది. నేటికీ అమరం వైపు బాల్కనీ గల గదులంటే ప్రయాణికులకు మక్కువ ఎక్కువ. ఓడ విడిచిన తెల్లని నురుగుబాట అక్కడి నుండి కనుచూపుమేర కనిపిస్తుంది. ఎదురుగాలిని ఓడ దేహమే చాలావరకు అడ్డుకుంటుంది.

అయితే ప్రతి సౌఖ్యానికీ ఒక మూల్యం ఉంటుంది. ఊగుడుబల్ల నడుమ తక్కువగా, కొనలలో ఎక్కువగా ఊగుతుంది. అలల మీది ఓడ స్వభావమూ అదే. పైగా ఓడను నడిపే చక్రాలు అమరం అడుగుననే తిరుగుతాయి. వాటి ప్రకంపనలు దిగువ గదులను తాకుతాయి. కడలి కుదుపులకు వికారం కలిగేవారికి ఓడ నడుమ, దిగువ అంతస్తులోని గదియే మేలు.

వృద్ధురాలైన తల్లిని తొలిసారి సముద్రయానానికి తీసుకొనిపోయే కుమారుడు ఏ గదిని కోరాలి? నురుగుబాటను ఆమె చేయి పట్టుకొని పై అంతస్తు నుండి చూపవచ్చు. కాని రాత్రి ఆమెకు నిద్ర కరువైతే, ఆ అందం ఎవరి కొరకు? తనతో వచ్చేవారి సుఖాన్ని ముందుగా తలచినవాడే ఉత్తమ యాత్రికుడు.