బూది - అస్థి

సంస్కృతమున 'భూతి' శబ్దమునకు ఐశ్వర్యము, భస్మము అను రెండర్థములు కలవు. దాని వికృతియే 'బూది'. తెలుగున బూడిద యనియు వాడుదుము. కన్నడమున బూది యనియే యందురు. మన బూదికోటను సంస్కృతమున విభూతిపురమని వ్యవహరించిరి. పూర్వమిచ్చట గొప్ప యజ్ఞములు జరిగెననియు, ఆ హోమభస్మమువలన ఈ పేరు కలిగెననియు పెద్దలు చెప్పుదురు. పరీక్షలో 'బూది'కి ప్రకృతి వ్రాయుమన్నచో మా విద్యార్థులు తడబడక వ్రాయుదురు. అసలు బూది యనగా నేమి యని యడిగినచో చెప్పగలవారు తక్కువ.

ఇటీవల తాతగారి అస్థిసంచయనమునకు పోయివచ్చిన బాలుడొకడు తరగతిలో మమ్మడిగెను: "సార్, అంత మనిషికి మిగిలేది ఇంతేనా? తాత చితిమీద లేవబోయినాడంటారు, నిజమేనా?" తరగతిలో ఎవరును నవ్వలేదు. ఇట్టి ప్రశ్నలకు ఇండ్లలో "పిల్లలకెందుకీ మాటలు" అను జవాబే దొరకును. ప్రశ్న పోవును, భయము నిలుచును. తల్లిదండ్రులును చదువుదురను నమ్మకముతో ఆ జవాబును ఇచ్చట వ్రాయుచున్నాము.

చితికి నిప్పు పెట్టిన పిమ్మట దేహమునకు మొదట జరుగునది కాలుట కాదు, ఎండుట. పెద్దవారి బరువులో నూటికి 60 పాళ్లు నీరే. ఆ నీరు ఆవిరియై పోవువరకు దేహము సరిగా అంటుకొనదు. ఎండుకట్టెలు, పిడకలు, నెయ్యి అంతగా కావలసివచ్చుట ఇందుకే. తరువాత చర్మమును, దాని క్రింది కొవ్వును మండును. కొవ్వు తానే ఇంధనమగుటచే మంట హెచ్చును.

ఈ దశయందే చూచువారిని భయపెట్టు సంగతి జరుగును. కోడిగ్రుడ్డులోని తెల్లసొన వేడికి గట్టిపడునట్లు, కండలోని మాంసకృత్తులును గట్టిపడి ముడుచుకొనును. చేతులను మడుచు కండరములు వానిని చాచు కండరములకంటె బలమైనవి. కావున మోచేతులు వంగును, పిడికిళ్లు బిగియును, మోకాళ్లును ముడుచుకొనును. కుస్తీకి దిగిన మల్లుని భంగిమ యేర్పడును. నడుము సైతము కదలవచ్చును. దీనినే జనులు 'శవము లేచుట' యందురు. కాటికాపరి వెదురుబొంగుతో అదిమిపట్టుటయు ఇందులకే. ఇది ప్రాణము తిరిగివచ్చుట కాదు, బాధయు కాదు. బాధను తెలిసికొను మెదడు పనిచేయుట మానిన పిమ్మటనే గదా చితి పేర్చినది! ఆ బాలుని తాతగారు లేవబోలేదు. ఆయన కండరములు వేడికి బిగిసినవి, అంతే.

కపాలము లోపలి ఆవిరికి బాంబువలె ప్రేలునని మరియొక మాట కలదు. అదియు సరికాదు. వేడికి ఎముక బీటలు వారి పెళుసగును. పైనున్న కట్టెలు కూలినపుడు అది ముక్కలగును.

ఇక మిగులునది ఎముక. అందు మూడింట రెండు పాళ్లు కాల్షియము, ఫాస్ఫేటు కలిసిన ఖనిజము; తక్కినది చాలవరకు కొల్లాజెన్ అను మాంసకృత్తి. నిప్పు కొల్లాజెనును తినివేయునే గాని ఖనిజమును తినలేదు. ఎముక మొదట గోధుమవన్నెకు తిరుగును, పిదప బొగ్గువలె నల్లనగును, తరువాత బూడిదవన్నెకు వచ్చును; 700, 800 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన వేడిలో సుద్దవలె తెల్లనగును. రంగు చూచి ఎచ్చట వేడి యెంత తగిలినదో నిపుణులు చెప్పగలరు. తెల్లబడిన ముక్క కుంచించుకొని తేలికపడియుండును, కాని కుళ్లదు. కుళ్లుటకు అందేమియు మిగులలేదు. అట్టి ముక్కనుబట్టి అది ఎవరిదో కనుగొనుటయు దాదాపు అసాధ్యము. బెంగళూరు వంటి నగరములలో విద్యుద్దహనశాలకు పోవువారు దహనమునకు ముందే పేరును, చీటీని సరిచూచుకొనవలెనని మేము చెప్పుట ఇందుకే.

అంత మనిషికి ఇంతేనా యన్నచో, ఇంతే. 60 కిలోల మనిషికి మిగులునది రెండు కిలోలకు కొంచెము అటునిటు. పసిబిడ్డల ఎముకలలో ఖనిజము స్వల్పమగుటచే మిగులునది మరింత తక్కువ. కట్టెల చితిలో కుప్పగా కనబడు బూడిదలో పెక్కుభాగము కట్టెలదే. అందుకే పెద్దలు పాలు, నీరు చల్లి అస్థులను చేతితో ఏరుదురు. విద్యుద్దహనశాలలో కట్టె లేదు గనుక అస్థులే చేతికి వచ్చును. దానిని చూచి "తక్కినదేమైన"దని చింతింపవలదు. ఆ తక్కినది ఆవిరియై, వాయువై గాలిలో కలిసినది. కట్టెబూడిదలోని క్షారము నీటిలో కరగును, అస్థులు కరగవు. శ్రీరంగపట్నమువద్ద పశ్చిమవాహినిలో కలిపిన అస్థులు మెల్లగా అడుగునకు దిగి ఇసుకతో చేరును.

బంగారు గనులు 2001లో మూతపడినను మన ప్రాంతపు బిడ్డలకు బంగారమును గూర్చి చెప్పనిదే పాఠము ముగియదు. బంగారము 1064 డిగ్రీలకు గాని కరగదు. చితి వేడి సాధారణముగా అంతకు లోబడియే యుండును. ఎచ్చటనైన మించి కరగినను పూసగా మారునేగాని కాలి నశింపదు. మరియొక వింత: బంగారపు నాణ్యమును నిప్పుతో పరీక్షించుటకు వాడు మూసలను పశువుల ఎముకల భస్మముతోనే చేయుదురు. ఆ భస్మము అంత వేడికిని కరగదు.

అందరును దహింపరు. బూదికోటలో పుట్టిన హైదర్ అలీ 1782 డిసెంబరులో చిత్తూరు సమీపమున మరణింపగా, దేహమును మొదట కోలారులో తండ్రి సమాధియొద్ద ఉంచి, తరువాత శ్రీరంగపట్నమునకు చేర్చిరి. ఖననము చేసినచోట ఎముకలోని కొల్లాజెన్ కొంతకాలము నిలుచును. తక్కిన కథ మట్టి తీరునుబట్టి యుండును.

ఈ జ్ఞానము మరియొక చిక్కును విడదీసినది. హంపి సమీపమున నింబాపురమువద్ద బూడిద దిబ్బ యొకటి కలదు. అది వాలిని దహించిన చితాభస్మమని జనుల నమ్మకము. ఇట్టి దిబ్బలు బళ్లారి, రాయచూరు, అనంతపురము ప్రాంతములలో పెక్కులు. మనిషి వదలునది రెండు కిలోలైనచో ఇన్ని గుట్టలెట్లు వచ్చినవి? వాలి మహాకాయుడు గదా యని కొందరు సమాధానపడవచ్చును. ఆల్చిన్ అను పండితుడు 1957లో నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరున అట్టి దిబ్బనే త్రవ్వించెను. అది చితాభస్మము కాదు. 4,000 ఏండ్లకు పైబడిన కాలమున పశువుల దొడ్లలో పేరుకొని, పలుమారులు కాలిన పేడ. పొరల నడుమ ఆవుల గిట్టల అచ్చులు చెదరక నిలిచియుండెను.