పిండి పొంగిందా వదినా?

చలికాలం వచ్చిందంటే మా స్నేహితురాళ్ళ మధ్య పొద్దున్నే ఫోన్లో మొదటి పలకరింపు ఇదే. శుభోదయం బొమ్మలూ, పూల ఫోటోలూ మా దగ్గర నడవవు. ఆదిలాబాద్ అక్క గిన్నె మూత తీసి ఫోటో పెడుతుంది. రాత్రి రుబ్బి పెట్టిన పిండి ఎంత మట్టంలో ఉందో అంతలోనే ఉంటుంది. విశాఖ వదిన పిండి అప్పటికే గిన్నె అంచుదాకా వచ్చేసి ఉంటుంది. డాలస్ చెల్లికి అది రాత్రి భోజనాల వేళ. అప్పుడే గ్రైండరు కడిగి బోర్లించి, "మీ ఇడ్లీలు ఆవిరి మీద ఉండగానే నేను రేపటి పిండి మూతపెడుతున్నా" అంటుంది.

మేం ఒకరినొకరం ఊరిపేరుతోనే పిలుచుకుంటాం. ఫోన్లో కలిసినవాళ్ళమే, ఒకరి ఇంటి గుమ్మం ఇంకొకరం ఎక్కింది తక్కువ. అయినా నెల్లూరు అక్క ఇంట్లో కందిపప్పు డబ్బా ఏ అరలో ఉంటుందో నాకు తెలుసు. గుంటూరు అక్క మనవడికి ఏ పచ్చడి గిట్టదో డాలస్ చెల్లికి తెలుసు. ఇంటి కబుర్లని తీసిపారేసేవాళ్ళు కొందరుంటారు. పనిలేక చెప్పుకునేవని వాళ్ళ ఉద్దేశం. నాకైతే ఈ కబుర్లలో దొరికినంత పనికొచ్చే జ్ఞానం, దాంతోపాటు ఇంత ప్రేమ, ఇంకోచోట ఒకేసారి దొరకలేదు.

ఆదిలాబాద్ సంగతే చూడండి. "ఏం జేసినా పొంగుతలేదు చెల్లె, సల్లగ అట్లనే కూసున్నది" అని ఆవిడ పెట్టగానే విశాఖ వదిన అందుకుంది. "ఉప్పు ముందే ఏసీసినావేటి?" అవును, వేసింది. అక్కడినుంచి ఆ పొద్దంతా ఉప్పు మీదే చర్చ. పిండిని పులియబెట్టే సూక్ష్మజీవులు మినప్పప్పుతోపాటే ఇంట్లోకి వస్తాయి. ముందుగా పనిలోకి దిగేదాని పేరు ల్యూకోనోస్టాక్. అది పిండిలోని చక్కెరలను తిని పులుపునూ గాలినీ పుట్టిస్తుంది. ముప్పై డిగ్రీల దరిదాపు వెచ్చదనం ఉంటే హుషారుగా పనిచేస్తుంది, చల్లబడితే మందగిస్తుంది. ఉప్పు దాన్ని ఇంకాస్త నెమ్మదింపజేస్తుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఆదిలాబాద్‌లో చలి పది డిగ్రీల కిందికి దిగడం మామూలే. అంత చలిలో ముందే ఉప్పు కూడా వేస్తే పాపం అదేం చేస్తుంది? ఎండాకాలం రుబ్బగానే ఉప్పు వేస్తే పిండి మరీ పులిసిపోకుండా ఆగుతుంది. చలికాలం మాత్రం పొంగినాక, పొయ్యి మీద నీళ్ళు మరుగుతుండగా కలుపుకోవాలి. విశాఖ వదిన వాళ్ళ అత్తగారు ఏ కారణమూ చెప్పకుండానే జీవితమంతా ఇలాగే చేశారట.

కారణం తెలియడం నాకు చాలా ఇష్టం. కారణం తెలిస్తే ఊరు మారినా, దేశం మారినా ఆడపిల్లకి దిగులుండదు. పప్పు తగ్గిస్తే ఇడ్లీ ఎందుకు గట్టిపడుతుందని మొన్న ఒక చెల్లి అడిగింది. పుట్టిన గాలిని బుడగలుగా పట్టి ఉంచేది మినప్పప్పు జిగురే. రవ్వకి ఆ గుణం లేదు. అందుకే గ్లాసు పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ అని మన ఇళ్ళలో కొలత నిలబడిపోయింది. పప్పు పాతదైతే ఆ జిగురూ తగ్గుతుంది. అలాంటప్పుడు చెంచాడు మెంతులు నానబెట్టి కలిపి రుబ్బితే కొంత సర్దుకుంటుంది.

గుంటూరు అక్కది ఇంకో మాట. పప్పుని నానబెట్టే ముందే శుభ్రంగా కడిగేసుకోవాలి, నానిన తర్వాత మళ్ళీ మళ్ళీ కడగకూడదు, నానిన నీళ్ళనే కొద్దికొద్దిగా చిలకరిస్తూ రుబ్బాలి అంటుంది. పులియబెట్టే ఆ జీవులు పప్పు మీదా, ఆ నీళ్ళలోనే కదా ఉండేది. పొట్టు మినప్పప్పు వాడేవాళ్ళు పొట్టు గాలించక తప్పదు. అయినా చివరి నీళ్ళు మాత్రం పారబోయకుండా ఉంచుకోండి. మిక్సీలో రుబ్బేవాళ్ళు చల్లటి నీళ్ళు పోసుకోవడం మంచిది, లేకపోతే బ్లేడు తిరిగే వేగానికి పిండి బాగా వేడెక్కుతుంది. గ్రైండరులో ఆ బెంగ లేదు. భౌగోళిక గుర్తింపు పొందిన కోయంబత్తూరు గ్రైండర్లు మన ఊళ్ళలో ఎన్ని ఇళ్ళలో గిరగిరా తిరుగుతున్నాయో! రాయి నిదానంగా తిరుగుతూ గాలిని కూడా పిండిలో కలిపి పైకి లేపుతుంది. అందుకే గ్రైండరు పిండికి ఆ గుల్లదనం.

డాలస్ చెల్లి ఓవెన్ వెలిగించకుండా లోపలి దీపం మాత్రం వేసి పిండి గిన్నె పెడుతుంది. ఆ చిన్న బల్బు వేడే సరిపోతుంది. కొత్త ఓవెన్లలో ఎల్ఈడీ దీపాలు వచ్చాయి, వాటికి అంత వేడి ఉండదు. అలాంటివాళ్ళు గిన్నెడు నీళ్ళు మరిగించి పిండి పక్కనే పెట్టి తలుపు మూసేస్తే చాలు. డాలస్ చెల్లి వాళ్ళాయన ఓవెన్ బటన్ మీద "లోపల పిండి ఉంది, తిప్పకండి" అని పెద్దక్షరాలతో చీటీ అంటించాడు. ఆ ఫోటో చూసి మేమంతా ఎంత నవ్వుకున్నామో! అంత శ్రద్ధగా చీటీ రాసే మనిషి ఇంట్లో ఉండటం అదృష్టం.

ఇంతకీ ఆదిలాబాద్ అక్క గిన్నెకి దుప్పటి చుట్టి బియ్యం డబ్బాలో దించింది. మధ్యాహ్నానికి పొంగింది. ఆ రోజు వాళ్ళ భోజనం ఇడ్లీలే. గడియారం చూసి పిండి పొంగిందనుకోవద్దు, పిండినే చూడాలి. అంచున గరిటె దించి పక్కకు జరిపితే లోపల గుల్లగుల్లగా గూళ్ళు కనిపిస్తాయి. గిన్నెని చెవి దగ్గర పెట్టుకుంటే చిటచిటమని బుడగలు చిట్లే చప్పుడు సన్నగా వినిపిస్తుంది. అప్పుడు ఉప్పు కలిపి, గట్టిగా గిలకొట్టకుండా పైపైన తిప్పి రేకుల్లో వేసేయాలి.

పిండి తర్వాత మా దగ్గర ఎక్కువ నలిగేది పెరుగు. కొత్తగా పెళ్ళయి హైదరాబాదులో కాపురం పెట్టిన చెల్లి ఒకరోజు రాత్రి పదకొండింటికి మాట్లాడుతూ ఏడ్చేసింది. అత్తగారు వచ్చారట, పెరుగు జిగటగా సాగుతుంటే "మీ ఇంట్లో తోడు పెట్టడం నేర్పలేదా అమ్మా" అన్నారట. ఆవిడ మామూలుగానే అని ఉండొచ్చు, కానీ కొత్త ఇంట్లో అలాంటి మాట చురుక్కుమంటుంది. నెల్లూరు అక్క ఆ పిల్లతో ఫోన్లోనే ఉండి పాలు కాయించింది. చిటికెన వేలు ముంచి పది అంకెలు లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలిగిన వెచ్చదనం రానిచ్చింది. అరలీటరుకి చెంచా తోడు, అది కూడా ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట ఉంచినది. సాగే పెరుగునే మళ్ళీ తోడు వేస్తూపోతే ఆ జిగట వదలదు, పక్కింట్లో మంచి పెరుగు చెంచాడు అడిగి తెచ్చుకొమ్మంది. మరీ వేడి పాలలో వేస్తే తోడు చచ్చిపోతుంది, చల్లటి పాలలో వేస్తే రాత్రంతా అలాగే ఉంటుంది. తోడు ఎక్కువైతే పెరుగు పుల్లబడి నీళ్ళు విడుస్తుంది. ఎవరూ లేని ఊళ్ళో అసలు తోడే దొరక్కపోతే నాలుగు పచ్చిమిరపకాయల తొడిమలు కడిగి గోరువెచ్చటి పాలలో వేసి వెచ్చగా ఉంచండి. మొదటి పెరుగు పలచగానే వస్తుంది, దాన్ని తోడు వేస్తే రెండోది బాగా పేరుకుంటుంది.

పాల ప్యాకెట్టు మీద రాసింది చదవమని కూడా చెప్పాం ఆ చెల్లికి. టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం ఉండాలి. వెన్న కాని గట్టి పదార్థం మొదటిదానిలో 8.5, రెండోదానిలో 9 శాతం. చవగ్గా దొరికిందని ఒకటి తెచ్చి, అమ్మ ఇంటి గేదెపాల పెరుగులా గడ్డకట్టలేదని బాధపడితే ఎలా? తోడు పెట్టడానికి మట్టి మూకుడు దొరికితే ఇంకా మంచిది. తడిని పీల్చుకుని పెరుగుని గట్టిగా, చల్లగా ఉంచుతుంది. మర్నాడు ఆ పిల్ల పెరుగు గిన్నెని ఒకవైపుకి వంచి, కదలకుండా నిలబడిన పెరుగు ఫోటో పెట్టింది. అత్తగారు రెండోసారి వేసుకున్నారట. మా అందరికీ పండగే.

విశాఖ వదిన దగ్గర ఎప్పుడూ పిండి ఎక్కువే ఉంటుంది. అది స్టీలు డబ్బాలో ఎదురింటికి వెళుతుంది. డబ్బా అంచున చుక్కచుక్కగా కొట్టించిన వాళ్ళ అమ్మగారి పేరు ఉంది. పెళ్ళిలో సారెతో వచ్చిన డబ్బా అది. అంచు కాస్త నొక్కుకుపోయింది గానీ అక్షరాలు మాత్రం ఇప్పటికీ వేలికి తగులుతాయి. ఎదురింటామె దాన్ని ఖాళీగా తిరిగి ఇచ్చింది లేదు. ఒకసారి గుప్పెడు కరివేపాకు, ఒకసారి రెండు జామకాయలు, ఏమీ లేనినాడు చిటికెడు పంచదార అయినా వేసి ఇస్తుంది.

ఇంత పనీ ఎవరు చేస్తున్నారన్నది కూడా మేం మాట్లాడుకుంటాం. ప్రభుత్వం వారి కాలవినియోగ సర్వే లెక్కల్ని బెజవాడ అక్క మా ముందు పెట్టింది. ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు 2019లో సగటున రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు చేశారు. 2024కి ఆడవాళ్ళవి 289 అయ్యాయి, మగవాళ్ళవి 88. మనకి పది తగ్గితే వాళ్ళకీ తొమ్మిది తగ్గాయి! అంటే మన చేతిలోంచి దిగిన పని వాళ్ళ చేతుల్లోకి పోలేదన్నమాట. ఇది మారాలని నేను గట్టిగా కోరుకుంటాను. మారదని కూడా అనుకోను. బెజవాడ అక్క భర్త ఉద్యోగ విరమణ చేశాక పప్పు నానబెట్టడం దగ్గర్నుంచి గ్రైండరు కడగడం దాకా తనే పట్టారు. గ్రైండరు రాళ్ళు కడగడం ఎంత విసుగో మీకు తెలుసుగా, ఆ పని కూడా ఆయనదే. అక్కకి పొద్దున్న అరగంట నడకకి వీలుచిక్కింది.

ఆదిలాబాద్ అక్క కొడుకు బెంగళూరులో ఉంటాడు. మిరప తొడిమల సంగతి వాడికి చెబితే, నలుగురు కుర్రాళ్ళు కలిసి ఒక గిన్నెలో పెరుగు తోడేసుకుని తింటున్నారట. వారం తిరక్కుండా వాడే తల్లికి ఫోన్ చేసి "అమ్మా, పప్పుచారుల చింతపండు ఎప్పుడెయ్యాలె?" అని అడిగాడు. పప్పు ఉడికినాకనే వేయాలి, ముందే వేస్తే పులుపుకి పప్పు ఉడకదని ఆవిడ చెప్పింది. ఆ చెప్పిన గొంతులో సంతోషం మేమంతా విన్నాం.

మీ ఇంటి పిండి కొలత మాకు రాయండి. ఉప్పు ఎప్పుడు వేస్తారో, అటుకులు కలుపుతారో, గుప్పెడు అన్నం వేస్తారో, అన్నీ కావాలి. గ్లాసు అని ఊరికే వదిలేయకుండా ఎంత గ్లాసో, మీ ఊళ్ళో ఇప్పుడు చలి ఎలా ఉందో కూడా రాయండి. ఆదిలాబాద్ కొలత విశాఖకి పనికిరాదు, విశాఖది డాలస్‌కి అసలే కుదరదు.