పుస్తకాలు పంచాం, చదువు వచ్చిందా?

ప్రశ్న: మేం ఉస్మానియా యూనివర్సిటీ విద్యార్థులం. తార్నాక దగ్గరి బస్తీ పిల్లలకు సాయంత్రాలు ఉచితంగా ట్యూషన్ చెప్పి, పుస్తకాలిస్తున్నాం. నిజంగా మేలు జరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: ఎంతమందికి పంచారన్న లెక్క మీ శ్రమను చెబుతుందే కానీ వాళ్ల చదువును చెప్పదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. సామగ్రి కోసం బడులకు డబ్బిస్తే మొదటి ఏడాది పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడాది, సాయం వస్తుందని ముందే తెలిసిన తల్లిదండ్రులు తమ ఖర్చు తగ్గించుకున్నారు; అదనపు లాభం కనబడలేదు. (వాళ్లను తప్పుపట్టలేం, ఇంట్లో వేరే ఖర్చులుంటాయి.) అందుకే చేరిన వారంలోనే ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అక్షరాలు, పదాలు, చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ చదివించి, ఎక్కడ ఆగారో రాసుకోండి. పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2005 నుంచి వాడుతున్న పద్ధతి ఇదే. మూడు నెలలకు వేరే కథతో, పాఠం చెప్పని మరొకరితో మళ్లీ చదివించండి. మానేసినవాళ్లను జాబితాలోంచి కొట్టేయకండి. వెనకబడినవాళ్లే మానేస్తే సగటు దానంతటదే పెరుగుతుంది.

బడిలోనూ నేర్చుకుంటారుగా, ఇది మీ ఘనతేనా అని దాతలు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. చోటుకు మించి పిల్లలొస్తే చీటీలు తీయండి. చీటీ రానివాళ్లనూ అలాగే పరీక్షించి, పోల్చి చూసి, తర్వాతి విడతలో చేర్చుకోండి. నెలలు గడిచినా అక్షరాల దగ్గరే ఆగిన బిడ్డకు ముందు కంటి, చెవి పరీక్షలు చేయించండి. ఈ ఫలితాలు పోల్చే లెక్కల్లో చిక్కొస్తే మీ క్యాంపస్‌లోనే ఉన్న ఎడ్యుకేషన్ కాలేజీ అధ్యాపకులను నేరుగా కలవండి.