నేత్ర వైద్యశాలలో రోగి హక్కులు – పంచాయతీ సభ్యుల బాధ్యత

కంటికి శుక్లము కమ్మిన రోగి వైద్యశాలకు పోయినప్పుడు, శస్త్రచికిత్సకు ముందు ఒక సమ్మతి పత్రమును ఆతని చేతికిత్తురు. దానిని చదివి సంతకము చేయవలయును. కాని చదువుటకు తగిన చూపు లేకయే గదా ఆతడు అక్కడికి పోయినది! పైగా పరీక్షకై కంటిలో మందుచుక్కలు వేసి పాపను పెద్దది చేసిన పిమ్మట, కొన్ని గంటలపాటు దగ్గరి అక్షరములు మరింత మసకబారును. ఎంత చదువుకొన్నవాడైనను ఆ పూటకు నిరక్షరాస్యునితో సమానుడే. ఇట్టి స్థితిలో ఆతనికి కాగితమును చదివి వినిపించువారెవరు? ఆతని హక్కులను తెలియజెప్పువారెవరు? ఈ పనికి గ్రామ పంచాయతీ సభ్యులే పూనుకొనవలయును.

బోధనాసుపత్రి స్వరూపము

పిఠాపురమునకును, పరిసర గ్రామములకును సమీపముననున్న ప్రభుత్వ బోధనాసుపత్రి కాకినాడలోని సర్వజన ఆసుపత్రి. 1958లో స్థాపితమైన రంగరాయ వైద్య కళాశాల విద్యార్థులు అచ్చట శిక్షణ పొందుదురు. విశాఖపట్టణములోని ప్రాంతీయ నేత్ర వైద్యశాల, హైదరాబాదులోని సరోజినీదేవి నేత్ర వైద్యశాల కూడ బోధనకు నెలవులే.

ఇట్టి ఆసుపత్రులలో రోగిని ఒక్క వైద్యుడే చూచుట అరుదు. విద్యార్థి, హౌస్ సర్జన్, ఉన్నత విద్య నభ్యసించు వైద్యుడు, ఆచార్యుడు వరుసగా చూచుట కలదు. ఒకే ప్రశ్నను నలుగురడిగిరని విసుగుకొనరాదు. ఒకరు గమనింపని లక్షణమును వేరొకరు గమనింపవచ్చును. నేడు నేర్చుకొనువాడే రేపు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు వైద్యుడై రావచ్చును. అయితే రోగి పాఠము కొరకు వచ్చినవాడు కాడు, చికిత్స కొరకు వచ్చినవాడు. ఈ భేదమునుండియే ఆతని హక్కులు పుట్టుచున్నవి.

ముఖ్యమైన హక్కులు

మొదటిది, తన్ను పరీక్షించువారెవరో తెలిసికొను హక్కు. “అయ్యా, తమరు విద్యార్థులా, వైద్యులా?” అని మర్యాదగా అడుగుట తప్పు కాదు. శిక్షణలోనున్న వైద్యుడు శస్త్రచికిత్స చేయునెడల, పర్యవేక్షించు పెద్ద వైద్యుడెవరో అడుగవచ్చును. విద్యార్థుల గుంపు ఎదుట పరీక్షకు ఇష్టము లేనిచో ఆ మాట చెప్పవచ్చును. అంతమాత్రమున చికిత్స నిరాకరింపరాదు.

రెండవది, తెలిసిన భాషలో వివరణ పొందు హక్కు. ఉప్పాడలో జాందానీ చీర నేయు నేతగానిని తలచుకొనుడు. ఆతని బ్రతుకంతయు చేరువనున్న సన్నని పోగును చూచుటపై ఆధారపడియున్నది. శుక్లమును తీసి అమర్చు సామాన్యపు కటకము సాధారణముగా దూరపు చూపునకు అనువైనది. దగ్గరి పనికి కళ్ళద్దములు అవసరమగును. ఈ సంగతి ముందుగా తెలియనిచో, చికిత్స సఫలమైనను ఆతడు మగ్గము ముందు కూర్చుండి మోసపోతినని వగచును. కావున తన వృత్తి యేమో వైద్యునికి చెప్పి, ఏ కటకము అమర్చుదురో, పిమ్మట ఎంత చూపు వచ్చునో, ప్రమాదములెట్టివో అడిగి తెలిసికొనవలయును.

మూడవది, సమ్మతి. 2008లో సమీరా కోహ్లీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ విషయమును స్పష్టపరచెను. పరీక్షకై మత్తుమందు పుచ్చుకొన్న రోగికి, ఆమె తల్లి సమ్మతితో గర్భాశయమును తొలగించిరి. ప్రాణాపాయము లేనప్పుడు, పెద్దవయసు వచ్చిన రోగికి బదులుగా బంధువు ఇచ్చిన సమ్మతి చెల్లదనియు, పరీక్షకిచ్చిన సమ్మతి చికిత్సకు సమ్మతి కాదనియు కోర్టు తీర్పు చెప్పెను. కావున కుమారుడు సంతకము చేసెను గదా యని తండ్రిని అడుగకుండుట తగదు. వ్రేలిముద్ర వేయుటకు ముందు పత్రము యావత్తు వినిపింపవలయును. కుడికన్నా, ఎడమకన్నా యనునది అందు సరిగా వ్రాయబడినదో లేదో చూడవలయును.

నాల్గవది, పరిశోధనకు సంబంధించినది. క్రొత్త మందును ప్రయోగించి చూచుటకు వేరుగా లిఖిత సమ్మతి కావలయును. 2019 నాటి నిబంధనల ప్రకారము, చదువురానివారి విషయమున నిష్పక్షపాతియైన సాక్షి ఎదుట నుండవలయును. కాదనినను మామూలు చికిత్సకు లోపము రారాదు.

అయిదవది, రికార్డులు. 2002 నాటి వైద్యవృత్తి నిబంధనల ననుసరించి, రోగి కోరినచో 72 గంటలలో రికార్డులు ఇవ్వవలయును.

ఇంటికి పంపునప్పటి జాగ్రత్త

1986లో ఉత్తర ప్రదేశములోని ఖుర్జాలో జరిగిన కంటి శిబిరమున, శస్త్రచికిత్స పొందిన 84 మంది కన్ను పాడైనది. సూక్ష్మక్రిములు సోకుటయే కారణము. ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోయి, 1989లో బాధితులకు పరిహారము లభించెను. కాని పరిహారము చూపునకు సాటి యగునా? అందువలన రోగి ఇల్లు చేరకముందే, ఏ లక్షణములు కనబడినచో పరుగున రావలయునో అడిగి తెలిసికొనుట మేలు. తీవ్రమైన నొప్పి, ఎఱ్ఱదనము, చీము, తగ్గిపోవు చూపు – ఇవి కనిపించినచో తెల్లవారువరకు ఆగరాదు. రోగికి కూడ బాధ్యతలు కలవు. మధుమేహము, రక్తపుపోటు, వాడుచున్న మందులు దాచక చెప్పవలయును. కంటిని నలుపరాదు, చెప్పిన తేదీకి తప్పక పోవలయును.

కష్టము కలిగినచో

మొదట వార్డు వైద్యునికి, పిమ్మట సూపరింటెండెంటుకు వ్రాతమూలముగా తెలుపవలయును. ప్రభుత్వాసుపత్రులనుండి 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద వివరములు కోరవచ్చును. వినియోగదారుల న్యాయస్థానము సంగతి వేరు. అందరికిని పూర్తిగా ఉచిత చికిత్స నొసగు ఆసుపత్రులు దాని పరిధిలోనికి రావని 1995లో సుప్రీంకోర్టు చెప్పెను. కొందరివద్ద రుసుము తీసికొని, కొందరికి ఉచితముగా చేయు ఆసుపత్రులలోనైతే, ఉచిత రోగులు కూడ అచ్చటికి పోవచ్చును.

పంచాయతీ చేయదగిన పని

రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము, ఆసుపత్రులు పంచాయతీల విషయములలో చేర్చబడినవి. కావున ఈ దిగువ పనులు మన చేతిలోనివే.

1. గ్రామమునుండి కంటి చికిత్సకు పోవు వృద్ధుల జాబితా వ్రాసి, చదువుకొన్న యువకుని నొకనిని తోడు పంపవలయును.
2. అడుగవలసిన ప్రశ్నలను పెద్ద అక్షరములతో వ్రాసి గ్రామసభలో చదివి వినిపింపవలయును.
3. శస్త్రచికిత్స పొందినవారిని మరునాడును, వారము తరువాతను పలకరించి, లక్షణములను విచారింపవలయును.

వీనికి పెద్ద వ్యయము లేదు. కాగితమును కంటి రోగికి ఓపికతో చదివి వినిపించు గొంతు ఒకటి చాలును. ఆ గొంతు మన ఊరిదైనచో, ఆసుపత్రికి పోవు ముసలితండ్రి ధైర్యముతో బస్సెక్కును. సభ్యులారా, రాబోవు సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టుడు.